43.5 శాతం ఓట్లకే పూర్తి మెజారిటీ, 23 ఓట్ల తేడాతో సున్నా సీట్లు: సార్లాండ్ ఎన్నికల్లో దామాషా లెక్క ఎలా తేలింది?

23 ఓట్లు. మన దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు అంతస్తుల వాళ్లు బద్ధకించి పోలింగ్‌కు వెళ్లకపోతే పోయేన్ని. 2022 మార్చి 27న జర్మనీలోని సార్లాండ్ రాష్ట్ర అసెంబ్లీకి జరిగిన ఎన్నికల్లో గ్రీన్స్ పార్టీకి సరిగ్గా అన్నే తక్కువయ్యాయి. ఫలితంగా ఆ పార్టీకి ఓటేసిన 22,598 మంది తరఫున సభలో ఒక్కరు కూడా లేకుండా పోయారు.

అదే ఎన్నికల్లో సోషల్ డెమోక్రాట్లకు, అంటే ఎస్‌పీడీకి, 43.5 శాతం ఓట్లు వచ్చాయి. సగానికి చాలా దూరం. అయినా 51 సీట్లలో 29 వాళ్లవే. పొత్తు అవసరం లేకుండా సొంతంగా ప్రభుత్వం ఏర్పాటైంది.

దామాషా ప్రాతినిధ్యం అంటే 'ఎంత శాతం ఓట్లో అంత శాతం సీట్లు' అని స్కూల్లో చదువుకున్నాం. మరి ఈ లెక్క ఇలా ఎందుకు తేలింది? లెక్కల్లో తప్పు జరగలేదు. రూల్ ప్రకారమే జరిగింది. ఆ రూల్ ఏమిటో, అది ఎవరికి లాభమో ఈ ఒక్క ఎన్నికతో బాగా అర్థమవుతుంది.

ముందు ఫలితం చూద్దాం

చెల్లిన ఓట్లు మొత్తం 4,52,411. పోలింగ్ 61.4 శాతం. అంతకుముందు 2017లో ఇది 69.7 శాతం.

ఎస్‌పీడీ: 1,96,801 ఓట్లు, 43.5 శాతం, 29 సీట్లు
సీడీయూ: 1,29,154 ఓట్లు, 28.5 శాతం, 19 సీట్లు
ఏఎఫ్‌డీ: 25,719 ఓట్లు, 5.7 శాతం, 3 సీట్లు
గ్రీన్స్: 22,598 ఓట్లు, 4.995 శాతం, 0
ఎఫ్‌డీపీ: 21,618 ఓట్లు, 4.8 శాతం, 0
లెఫ్ట్ పార్టీ: 11,689 ఓట్లు, 2.6 శాతం, 0

వీటి కింద ఇంకా చిన్న పార్టీలు చాలా ఉన్నాయి. ఎవరికీ సీటు రాలేదు.

జాబితాలో మూడు, నాలుగు వరుసలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండు పార్టీల మధ్య తేడా 3,121 ఓట్లు. ఒకరికి 3 సీట్లు, ఇంకొకరికి సున్నా.

ఎక్కడుంది ఈ సార్లాండ్?

జర్మనీకి పడమటి అంచున, ఫ్రాన్స్, లక్సెంబర్గ్ సరిహద్దుల్లో ఉంటుంది. బెర్లిన్, హాంబర్గ్, బ్రెమెన్ లాంటి నగర రాష్ట్రాలను పక్కన పెడితే జర్మనీలో అతి చిన్న రాష్ట్రం ఇదే. జనాభా సుమారు 10 లక్షలు. రాజధాని సార్‌బ్రుకెన్. ఒకప్పుడు బొగ్గు గనులకు పేరు, చివరి గని 2012లో మూతపడింది. ఇప్పుడు స్టీలు, కార్ల పరిశ్రమ మీద ఆధారం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్ చేతిలో ఉండి, 1955లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగాక, 1957 జనవరి 1న పశ్చిమ జర్మనీలో చేరింది.

1999 నుంచి అక్కడ ముఖ్యమంత్రి పదవి సీడీయూదే. ముఖ్యమంత్రిని అక్కడ మినిస్టర్ ప్రెసిడెంట్ అంటారు. 2022 నాటికి ఆ కుర్చీలో టోబియాస్ హాన్స్ ఉన్నారు. విచిత్రం ఏమిటంటే, ఆయన్ను ఓడించిన ఎస్‌పీడీ నేత ఆంకె రేలింగర్ అప్పటిదాకా ఆయన ప్రభుత్వంలోనే ఉప ముఖ్యమంత్రి, ఆర్థిక వ్యవహారాల మంత్రి. రెండు పెద్ద పార్టీలూ కలిసే ప్రభుత్వం నడుపుతూ, ఎన్నికల్లో మాత్రం ఎదురెదురుగా నిలబడ్డాయి. మనకు వింతగా అనిపించినా జర్మనీలో ఇది మామూలే. రేలింగర్ ఒకప్పటి అథ్లెట్ కూడా, షాట్‌పుట్‌లో సార్లాండ్ రాష్ట్ర రికార్డు ఆమె పేరు మీదే ఉంది.

ఓటరు చేతిలో ఒక్క ఓటే

జర్మనీ జాతీయ ఎన్నికల్లో ప్రతి ఓటరుకూ రెండు ఓట్లుంటాయి. నియోజకవర్గ అభ్యర్థికి ఒకటి, పార్టీకి ఒకటి. సార్లాండ్‌లో అలా కాదు. ఒకే ఓటు, అదీ పార్టీకే. మన ఎమ్మెల్యే ఎన్నికల్లోలాగా ఒక ఊరికి ఒక అభ్యర్థి అని ఉండదు. రాష్ట్రాన్ని సార్‌బ్రుకెన్, సార్‌లూయీ, నోయిన్‌కిర్షెన్ అని మూడు పెద్ద నియోజకవర్గాలుగా విడగొట్టారు. పార్టీలు ఈ మూడింటికీ విడిగా, రాష్ట్రం మొత్తానికి ఇంకోటి చొప్పున జాబితాలు ఇస్తాయి. 51 మందిలో 41 మంది నియోజకవర్గ జాబితాల నుంచి, 10 మంది రాష్ట్ర జాబితా నుంచి వస్తారు.

జాబితాలో ఎవరు మొదట, ఎవరు చివర అన్నది పార్టీ నిర్ణయం. ఓటరు దాన్ని మార్చలేడు. 'ఫలానా పార్టీ ఇష్టమే కానీ జాబితాలో మూడో పేరు నచ్చలేదు' అంటే కుదరదు, మొత్తం జాబితాకే టిక్కు పెట్టాలి. అందుకే అక్కడ టికెట్ కోసం పోటీ అంటే జాబితాలో పైస్థానం కోసం పోటీ.

ఈవీఎంలు లేవు. ఓటింగ్ యంత్రాలు వాడిన తీరు రాజ్యాంగ విరుద్ధమని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో తీర్పు ఇచ్చింది. ప్రత్యేక సాంకేతిక పరిజ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా లెక్కింపు సరిగ్గా జరిగిందో లేదో చూసి తెలుసుకోగలగాలన్నది కోర్టు మాట. పోలింగ్ ఆదివారం ఉదయం 8 గంటలకు మొదలై సాయంత్రం 6కి ముగుస్తుంది. ఆ వెంటనే అదే గదిలో బ్యాలెట్ పెట్టె తెరిచి లెక్కిస్తారు. ఎవరైనా వెళ్లి నిలబడి చూడొచ్చు.

5 శాతం కటాఫ్: ఇక్కడే తిరుగుతుంది కథ

ఎంసెట్‌లోనో, గ్రూప్స్‌లోనో కటాఫ్ సంగతి మనకు కొత్త కాదు. ఒక్క మార్కు తగ్గినా పేరు జాబితాలో ఉండదు. జర్మనీ రాష్ట్రాల ఎన్నికల్లోనూ పార్టీలకు అలాంటి కటాఫ్ ఉంది. చెల్లిన ఓట్లలో 5 శాతం రాకపోతే సీట్ల పంపకంలో ఆ పార్టీని లెక్కలోకే తీసుకోరు.

సార్లాండ్‌లో 4,52,411లో 5 శాతం అంటే 22,620.55. ఓటును ముక్కలు చేయలేం కాబట్టి 22,621 కావాలి. గ్రీన్స్‌కు వచ్చినవి 22,598. తేడా 23.

ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. ఆ 23 మంది వేరే పార్టీకి వేసిన ఓటును గ్రీన్స్‌కు వేసి ఉంటే సరిపోయేది. అదే ఇంట్లో కూర్చున్న వాళ్లు కొత్తగా వచ్చి వేసి ఉంటే మాత్రం 23 చాలవు, 24 కావాలి. ఎందుకంటే కొత్త ఓటర్లు వస్తే మొత్తం ఓట్ల సంఖ్య కూడా పెరుగుతుంది, దాంతో కటాఫ్ కూడా కొద్దిగా పైకి జరుగుతుంది.

ఎఫ్‌డీపీది కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి. వాళ్లకు 1,003 ఓట్లు తక్కువయ్యాయి. లెఫ్ట్ పార్టీది మాత్రం ఘోర పతనం. 2017లో 12.8 శాతం ఓట్లు, 7 సీట్లు ఉన్న పార్టీ 2.6 శాతానికి పడిపోయింది. దాని వెనక కథ చెప్పాలంటే ఒక్క పేరు చాలు: ఒస్కర్ లాఫోంటేన్. 1985 నుంచి 1998 దాకా ఎస్‌పీడీ తరఫున సార్లాండ్ ముఖ్యమంత్రిగా ఉన్న ఆయన, తర్వాత ఆ పార్టీని వదిలి లెఫ్ట్ పార్టీకి పెద్ద దిక్కయ్యారు. సొంత పార్టీలోని గొడవలతో విసిగి, పోలింగ్‌కు సరిగ్గా పది రోజుల ముందు దానికీ రాజీనామా చేశారు.

గ్రీన్స్ కూడా ఇంటి పోరుతోనే చితికింది. జాబితాలో పైస్థానం ఎవరిదన్న గొడవ ముదిరి, 2021 సెప్టెంబర్ జాతీయ ఎన్నికల్లో సార్లాండ్‌లో ఆ పార్టీ జాబితాను ఎన్నికల కమిటీ తిరస్కరించింది. ఆ రాష్ట్రంలో పార్టీ ఓటు గ్రీన్స్‌కు వేద్దామనుకున్న వాళ్లకు బ్యాలెట్ మీద ఆ పేరే కనిపించలేదు. ఆరు నెలలు తిరిగేసరికి ఈ 23 ఓట్ల దెబ్బ.

కటాఫ్ దాటని పార్టీలన్నిటి ఓట్లూ కలిపితే 1,00,737. వందలో 22 మందికి పైగా ఓటర్లు వేసిన ఓటుకు సభలో మనిషి లేడు.

51 కుర్చీలు ఎలా పంచారు?

మిగిలిన మూడు పార్టీల ఓట్లు కలిపితే 3,51,674. ఇప్పుడు ఇదే నూటికి నూరు. ఇందులో ఎస్‌పీడీ వాటా దాదాపు 56 శాతం. 43.5 కాస్తా 56 అయింది ఇలా. ఎస్‌పీడీకి ఒక్క ఓటు కూడా అదనంగా ఇవ్వలేదు, కింద ఉన్న మొత్తాన్ని తగ్గించారు, అంతే.

సీట్ల పంపకానికి సార్లాండ్‌లో డిహాంట్ పద్ధతి వాడతారు. 19వ శతాబ్దంలో విక్టర్ డిహాంట్ అనే బెల్జియం న్యాయవాది చెప్పిన పద్ధతి ఇది. చూడ్డానికి గజిబిజిగా ఉన్నా, వేలంపాటలా ఊహించుకుంటే తేలిక. 51 కుర్చీలు ఒక్కొక్కటిగా వేలానికి వస్తాయి. ప్రతిసారీ ఎవరి పాట ఎక్కువైతే కుర్చీ వాళ్లది. కుర్చీ గెలిచిన ప్రతిసారీ ఆ పార్టీ పాట తగ్గుతుంది: మొదటి కుర్చీ గెలిచాక దాని మొత్తం ఓట్లను 2తో, రెండోది గెలిచాక 3తో, ఆ తర్వాత 4తో, ఇలా భాగిస్తూ పోతారు.

మొదటి కుర్చీ 1,96,801 పాటతో ఎస్‌పీడీకి. రెండోది 1,29,154తో సీడీయూకి, ఎందుకంటే ఎస్‌పీడీ పాట అప్పటికే సగమై 98,400కి దిగింది. మూడోది ఆ 98,400తో ఎస్‌పీడీకి. నాలుగో కుర్చీకి గట్టి పోటీ: ఎస్‌పీడీ పాట 65,600, సీడీయూ పాట 64,577. అదీ ఎస్‌పీడీకే. ఏఎఫ్‌డీ 25,719తో వంతు కోసం ఎదురుచూస్తూ, 13వ కుర్చీ దగ్గర గానీ ఖాతా తెరవలేదు. అలా వెళ్లి 50వ కుర్చీ 6,797తో సీడీయూకి, ఆఖరి 51వ కుర్చీ 6,786తో ఎస్‌పీడీకి దక్కాయి.

అంటే చివరి కుర్చీ ధర సుమారు 6,786 ఓట్లు. అంతకు మూడు రెట్లకు పైగా ఓట్లున్న గ్రీన్స్‌ను, ఎఫ్‌డీపీని ఆ వేలంపాటలోకే రానివ్వలేదు.

డిహాంట్ పద్ధతి పెద్ద పార్టీల వైపు కాస్త మొగ్గుతుందన్న పేరుంది. జర్మనీ పార్లమెంటులోను, చాలా రాష్ట్రాల్లోను సెంట్ లాగ్యూ అనే ఇంకో పద్ధతి వాడతారు. ఇవే ఓట్లను ఆ పద్ధతిలో పంచి చూస్తే ఎస్‌పీడీకి 28, సీడీయూకి 19, ఏఎఫ్‌డీకి 4 వస్తాయి. ఒక్క సీటు తేడా. కాబట్టి అసలు విషయం పంపకం పద్ధతిలో లేదు, కటాఫ్‌లో ఉంది.

ఆ 23 ఓట్లు పడి ఉంటే ప్రభుత్వం మారేదా?

మారేది కాదు. ఇది చాలామంది పొరబడే చోటు.

మిగతా పార్టీల ఓట్లు అలాగే ఉంచి, గ్రీన్స్‌కు 22,621 వేసి లెక్కిస్తే గ్రీన్స్‌కు 3 సీట్లు వస్తాయి. ఎస్‌పీడీ 29 నుంచి 27కు, సీడీయూ 19 నుంచి 18కి దిగుతాయి. ఏఎఫ్‌డీ 3 దగ్గరే ఉంటుంది. మెజారిటీకి కావాల్సింది 26. ఎస్‌పీడీకి అప్పటికీ ఒకటి ఎక్కువే. గ్రీన్స్‌తో పాటు ఎఫ్‌డీపీ కూడా అంతే ఓట్లతో కటాఫ్ దాటిందనుకుంటే ఎస్‌పీడీ 26కు దిగుతుంది. అంచు మీద మెజారిటీ, కానీ మెజారిటీయే.

ఇప్పుడు కటాఫ్ అసలే లేదనుకుని, వచ్చిన ఓట్లను వచ్చినట్టే వేలంలో పెట్టి చూడండి. లెఫ్ట్ పార్టీకి, 2.3 శాతం తెచ్చుకున్న జంతు సంరక్షణ పార్టీకి కూడా ఒక్కో సీటు దక్కుతుంది. ఎస్‌పీడీ 25 దగ్గర ఆగిపోతుంది. మెజారిటీకి ఒకటి తక్కువ. రేలింగర్ అప్పుడు ఇంకో పార్టీ తలుపు తట్టాల్సి వచ్చేది. అయితే కటాఫ్ లేకపోతే జనం ఓటు వేసే తీరు కూడా మారేది, కాబట్టి ఈ లెక్కను పూర్తిగా నమ్మలేం. 'మన పార్టీకి ఎలాగూ 5 శాతం రాదు, ఓటు ఎందుకు పాడుచేసుకోవడం' అని పెద్ద పార్టీ వైపు వెళ్లిన వాళ్లు ఎంతమందో ఏ లెక్కింపులోనూ తేలదు.

మరి 23 ఓట్లతో పోయిందేమిటి? ప్రతిపక్షం. ఐదేళ్ల పాటు ఆ సభలో ఎస్‌పీడీని ప్రశ్నించేది సీడీయూ, ఏఎఫ్‌డీ మాత్రమే. కమిటీల్లో కుర్చీ, సభలో మాట్లాడే సమయం, పార్టీ కార్యాలయానికి సిబ్బంది, నిధులు, ఇవన్నీ సీట్లతో వచ్చేవి. పర్యావరణం గురించి ప్రశ్న అడగాలని గ్రీన్స్‌కు ఓటేసిన మనిషికి ఆ ప్రశ్న ఇప్పుడు ఇంకెవరో అడగాలి.

అసలు ఈ కటాఫ్ ఎందుకు పెట్టారు?

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్పడిన వైమార్ రిపబ్లిక్‌లో అచ్చమైన దామాషా పద్ధతి ఉండేది. పార్లమెంటులో పదికి పైగా పార్టీలు, నెలల్లో కూలిపోయే ప్రభుత్వాలు. హిట్లర్ రావడానికి అదొక్కటే కారణం అనడం సరికాదు. కానీ యుద్ధం తర్వాత కొత్త వ్యవస్థ కట్టుకున్న వాళ్లను ఆ జ్ఞాపకం వెంటాడింది. 1949 తొలి జాతీయ ఎన్నికల్లో కటాఫ్‌ను రాష్ట్రాల వారీగా లెక్కించారు, 1953 నుంచి దేశం మొత్తానికి కలిపి లెక్కిస్తున్నారు.

ఇందులో గమనించదగ్గ విషయం ఇంకోటి ఉంది. యూరప్ పార్లమెంటుకు జర్మనీ నుంచి వెళ్లే సభ్యుల ఎన్నికలో కూడా ఒకప్పుడు 5 శాతం కటాఫ్ ఉండేది. 2011లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. 3 శాతానికి తగ్గించి మళ్లీ చట్టం తెస్తే 2014లో దాన్నీ కొట్టేసింది. జాతీయ, రాష్ట్ర సభల విషయంలో మాత్రం కటాఫ్ నిలబడుతూ వస్తోంది. తర్కం ఏమిటంటే, ఈ సభలు ప్రభుత్వాన్ని ఎన్నుకుని నిలబెట్టాలి, అందుకు నిలకడైన మెజారిటీ అవసరం. ఓటుకు సమాన విలువ అన్న సూత్రానికి కోత పెట్టాలంటే అంత బలమైన కారణం కావాలి.

విమర్శకులు చెప్పే మందు ఒకటుంది: రిజర్వ్ ఓటు. బ్యాలెట్ మీద 'నా పార్టీ కటాఫ్ దాటకపోతే నా ఓటు ఫలానా పార్టీకి వెళ్లాలి' అని రాసే వీలు ఇవ్వడం. దీని మీద జర్మనీలో చాలా ఏళ్లుగా చర్చ నడుస్తూనే ఉంది. మన ఎమ్మెల్సీ ఎన్నికల్లో రెండో ప్రాధాన్య ఓటు చూసిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

అంచు మీద నిలిచినవాళ్లు వీళ్లొక్కరే కాదు

2019లో తురింగియా రాష్ట్రంలో ఎఫ్‌డీపీ 73 ఓట్లతో 5 శాతం దాటింది. అంత సన్నటి దారిలో సభలోకి వచ్చిన ఆ పార్టీ నేత థామస్ కెమ్మెరిక్, 2020 ఫిబ్రవరి 5న ఏఎఫ్‌డీ సభ్యుల ఓట్లతో ఏకంగా ముఖ్యమంత్రి అయ్యారు. దేశమంతా దుమారం రేగడంతో మర్నాడే తప్పుకుంటానని ప్రకటించారు. ఆ 73 ఓట్లు పడకపోతే ఆయన ఆ సభలోనే ఉండేవారు కాదు.

2025 ఫిబ్రవరి జాతీయ ఎన్నికల్లో సారా వాగెన్‌క్నెక్ట్ పార్టీ 4.98 శాతం దగ్గర ఆగింది. ఆమె లాఫోంటేన్ భార్య కావడం కాకతాళీయం. ఆ పార్టీ కటాఫ్ దాటి ఉంటే సీట్ల పంపకం మారి, సీడీయూ కూటమి, ఎస్‌పీడీ రెండూ కలిసినా మెజారిటీ వచ్చేది కాదు. సార్లాండ్‌లో కటాఫ్ దగ్గరి తేడా ప్రతిపక్షాన్ని మార్చింది. బెర్లిన్‌లో ఏకంగా ప్రభుత్వాన్నే నిర్ణయించింది.

మన పద్ధతితో పోలిస్తే?

సార్లాండ్‌లో 22 శాతం ఓట్లు గాలికి పోయాయంటే మనకు అన్యాయం అనిపిస్తుంది. కానీ మన లెక్క చూడండి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్సీపీకి 39.37 శాతం ఓట్లు వచ్చాయి, 175లో 11 సీట్లు. 2019లో ఇంచుమించు అవే 39 శాతం ఓట్లతో టీడీపీకి 23 సీట్లు. 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 39.40 శాతం, బీఆర్ఎస్‌కు 37.35 శాతం. ఓట్లలో తేడా రెండు శాతం, సీట్లలో 64కి 39. ఎక్కడికక్కడ ఎక్కువ వచ్చిన వాళ్లదే సీటు అనే పద్ధతిలో ఇది సహజం. మన దగ్గర కటాఫ్ కాగితం మీద లేదు, ప్రతి నియోజకవర్గంలోనూ ఉంది.

అలాగని దామాషా మనకు తెలియనిదేం కాదు. రాజ్యసభ సభ్యులు, ఎమ్మెల్యేల కోటా ఎమ్మెల్సీలు, రాష్ట్రపతి ఎన్నికలన్నీ దామాషా సూత్రం మీదే, ఒకే బదిలీ ఓటు పద్ధతిలో జరుగుతాయి. జర్మనీ తరహా జాబితా పద్ధతిని కూడా ఒకసారి గట్టిగానే ప్రతిపాదించారు. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో లోక్‌సభ సీట్లను 25 శాతం పెంచి, ఆ అదనపు సీట్లను పార్టీల జాబితాల నుంచి నింపాలని, 5 శాతం ఓట్లు రాని పార్టీకి వాటిలో వాటా ఇవ్వొద్దని సూచించింది. అప్పటి కమిషన్ ఛైర్మన్ మన తెలుగాయనే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఆ సిఫార్సు అమలుకు నోచుకోలేదు.

జర్మనీలో ఉన్న తెలుగువాళ్లకు ఓటు ఉంటుందా?

చదువుకో, ఉద్యోగానికో వెళ్లి భారతీయ పాస్‌పోర్టుతో ఉంటే లేదు. రాష్ట్ర అసెంబ్లీకి జర్మన్ పౌరులే ఓటు వేయాలి. పర్మనెంట్ రెసిడెన్సీ, బ్లూ కార్డ్ ఉన్నా సరిపోదు. మున్సిపల్ ఎన్నికల్లో యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులకు ఓటు ఉంది గానీ, మనవాళ్లకు అక్కడా లేదు. చాలా నగరాల్లో విదేశీయుల కోసం సలహా మండళ్లు ఉంటాయి. వాటికి ఓటు వేయొచ్చు, పోటీ కూడా చేయొచ్చు.

2024 జూన్ 27 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం సాధారణంగా ఐదేళ్ల నివాసం తర్వాత జర్మన్ పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పాత పౌరసత్వం వదులుకోవాలన్న షరతు జర్మనీ వైపు నుంచి తీసేశారు. కానీ మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. జర్మన్ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ కార్డు తీసుకోవాలి. అంటే అక్కడ ఓటు కావాలంటే ఇక్కడి ఓటు వదులుకోవాల్సిందే.

పౌరసత్వం వచ్చాక మాత్రం ఓటర్ల జాబితాలో పేరు కోసం మనలా ఫారం 6 నింపాల్సిన పని లేదు. ఇల్లు మారిన ప్రతిసారీ మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవడం అక్కడ తప్పనిసరి. ఆ రికార్డు నుంచే ఓటర్ల జాబితా తయారవుతుంది. ఎన్నికలకు కొన్ని వారాల ముందు పోలింగ్ కేంద్రం వివరాలతో ఉత్తరం ఇంటికే వస్తుంది. దాని వెనక వైపే పోస్టల్ ఓటు దరఖాస్తు ఉంటుంది.

సార్లాండ్ అసెంబ్లీ గడువు ఐదేళ్లు. తర్వాతి ఎన్నికలు 2027లో.